కమిషన్ ఎవరిది, పాపం ఎవరిది? 1925 మయామి ప్లాట్ల కథ

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పొడుగు. బస్సులో ఉన్నవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, హాయిగా వినండి.

ఇల్లో ప్లాటో కొన్న ప్రతివాడూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ బ్రోకర్ ఏం చేశాడని ఇంత కమిషన్?" రేట్లు కుప్పకూలినప్పుడు దానికి ఇంకోటి తోడవుతుంది. "ఈ బ్రోకర్లే రేట్లు పెంచి మమ్మల్ని ముంచేశారు." రెండూ ఒకే కోపంలోంచి వస్తాయి గానీ, రెండూ ఒకే ప్రశ్న కాదు. మొదటిది కూలి గురించి, రెండోది నేరం గురించి. ఈ రెండింటినీ విడదీసి చూడాలంటే మనకి బాగా దొరికే చరిత్ర ఒకటుంది, అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, మయామి ఊరు, 1925. ఇప్పటికి నూరేళ్లు. చదువుతుంటే మాత్రం నిన్న మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన వెంచర్ మెసేజ్ చదివినట్టే ఉంటుంది.

సరే, కథలోకి వెళ్దాం.

1920 జనాభా లెక్కల్లో మయామి జనం 29,571. అంటే మన దగ్గర ఒక చిన్న మున్సిపాలిటీ అంత. చలికాలంలో కూడా ఎండ కాస్తుంది, సముద్రం ఉంది, అంతే. అప్పుడే అమెరికాలో మధ్యతరగతి వాళ్ల చేతికి కార్లు వచ్చాయి. కార్ల హెడ్‌లైట్ల వ్యాపారంలో బాగా సంపాదించిన కార్ల్ ఫిషర్ అనే ఆయన ఉత్తరాది నుంచి మయామి దాకా డిక్సీ హైవే రావడానికి తిరిగాడు. సముద్రం అంచున మడ అడవులు కొట్టించి, సముద్రం అడుగు నుంచి ఇసుక తోడించి పోయించి, మయామి బీచ్ అని ఒక ఊరే తయారుచేశాడు. పక్కనే జార్జ్ మెరిక్ అనే ఇంకో ఆయన తన తండ్రి పండ్లతోటల చుట్టూ కోరల్ గేబుల్స్ అనే ప్లాన్డ్ సిటీ మొదలుపెట్టాడు. ఇది మోసం కాదండోయ్. రోడ్లు వేశాడు, చెట్లు నాటాడు, ఈత కొలను కట్టాడు. ఇవాళ్టికీ ఆ ఊరు ఉంది, అందంగానే ఉంది. 1924లో ఫ్లోరిడా ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి, ఇన్‌కమ్ ట్యాక్స్ గానీ వారసత్వ పన్ను గానీ రాష్ట్రం వేయకూడదని రాసేశారు. డబ్బున్నవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు అమ్మకం సంగతి. మెరిక్ తన ప్లాట్లు అమ్మడానికి ఎవరిని పెట్టుకున్నాడో తెలుసా? విలియం జెన్నింగ్స్ బ్రయాన్ని. ఆయన మూడుసార్లు అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషి, మాజీ విదేశాంగ మంత్రి, ఆ దేశంలోనే పేరుమోసిన వక్త. ఈత కొలను పక్కన నిలబడి ఫ్లోరిడా ఎండ గొప్పదనం మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. వింటానికి జనాన్ని బస్సుల్లో ఊరికే తీసుకొచ్చేవారు. ఉపన్యాసం అయ్యాక సేల్స్ వాళ్లు మ్యాప్‌లు పట్టుకుని చుట్టుముట్టేవారు. మన వైపు వెంచర్ ఓపెనింగ్‌కి సినిమా వాళ్లు రావడం, ఫ్రీ బస్సు, మధ్యాహ్నం బిర్యానీ, ఇవన్నీ మనవాళ్లు కనిపెట్టినవి కావు.

1925 జులై 26న మయామి డైలీ న్యూస్ పత్రిక 504 పేజీల సంచిక వేసింది. పేపర్ కాదు, దిండు. అందులో ఎక్కువ భాగం స్థలాల ప్రకటనలే. ఆ బూమ్ గురించి కొద్ది ఏళ్లకే పుస్తకం రాసిన ఫ్రెడరిక్ లూయిస్ ఆలెన్ ప్రకారం, ఆ వేసవిలో ఒక్క మయామిలోనే 2,000 రియల్ ఎస్టేట్ ఆఫీసులు, 25,000 మంది ఏజెంట్లు. ఐదేళ్ల కిందట ఊళ్లో ఉన్న మొత్తం జనం ఎంతో ఇందాక చెప్పాను, గుర్తు తెచ్చుకోండి. వీధిలో మ్యాప్ తెరిచి చూపించడం కూడా నేరం అని ఊరి పెద్దలు రూల్ పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఫుట్‌పాత్ మీద బేరాలతో ట్రాఫిక్ ఆగిపోతోంది.

ఈ 25,000 మందిలో ఒక జాతి ఉంది, వాళ్లని "బైండర్ బాయ్స్" అనేవారు. మన ప్రశ్నకి జవాబు సగం వీళ్ల దగ్గరే ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

బైండర్ అంటే మన భాషలో బయానా రసీదు. ప్లాట్ ధరలో సుమారు 10 శాతం కడితే ఒక కాగితం ఇస్తారు. తిరిగి ఇచ్చేది ఉండదు. పత్రాలు సిద్ధమై, టైటిల్ చూసుకుని, దాదాపు 30 రోజుల్లో మొదటి పెద్ద వాయిదా కట్టాలి, మామూలుగా ధరలో నాలుగో వంతు. మిగతాది రెండు మూడేళ్లలో వాయిదాలు. ఇంతవరకూ తప్పేం లేదు. కానీ ఆ 30 రోజుల్లో ఆ కాగితాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

ఉదాహరణకి, నేను 10,000 డాలర్ల ప్లాట్‌కి 1,000 డాలర్ల బైండర్ కట్టాను అనుకోండి. సాయంత్రానికి ఆ రసీదుని మీకు 1,500కి అమ్మేశాను. మీరు మర్నాడు ఇంకొకరికి 2,200కి. ఆయన ఇంకొకరికి. ప్లాట్ ఎక్కడుందో మనలో ఒక్కడూ చూడలేదు, చూడాల్సిన పని కూడా లేదు. చివర్లో ఎవడి చేతిలో కాగితం ఉందో వాడు 30వ రోజున నిజంగా డబ్బు కట్టాలి. ఆఫీసుల్లో పత్రాలు గుట్టలుగా పేరుకుపోయి రిజిస్ట్రేషన్ లేటయ్యే కొద్దీ ఈ ఆటకి ఇంకా టైమ్ దొరికింది. బైండర్ బాయ్స్‌లో చాలామంది న్యూయార్క్ వైపు నుంచి రైలెక్కి వచ్చిన కుర్రాళ్లు. మోకాళ్ల దాకా ఉండే గోల్ఫ్ ప్యాంట్లు వేసుకుని, జేబులో రసీదులు పెట్టుకుని ఫ్లాగ్లర్ వీధిలో నిలబడేవాళ్లు. వీళ్ల వయసు మీ వయసే.

ఇక్కడ నేను గమనించమనేది ఒకటే. మామూలు ఏజెంట్ ఇద్దరిని కలుపుతాడు, కూలి తీసుకుంటాడు. బైండర్ బాయ్ తనే కొంటాడు, తనే అమ్ముతాడు. పేరుకి ఏజెంట్, చేసేది సట్టా. ఇంకో సంగతి, మామూలు ఏజెంట్ కమిషన్ కూడా మొదట్లో వచ్చే నగదులోంచే వెళ్లిపోయేది. అమ్మినవాడికి మిగిలేది వాయిదాల కాగితం. అంటే ఏజెంట్ చేతిలో క్యాష్, ఓనర్ చేతిలో మాట. ఆ తర్వాత కొన్నవాడు వాయిదా కడతాడా ఎగ్గొడతాడా అన్నది ఏజెంట్ తలనొప్పి కాదు.

హైదరాబాద్ చుట్టుపక్కల, అమరావతి వైపు భూములు చూసినవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. రిజిస్ట్రేషన్ కాకముందే అగ్రిమెంట్ మీద అగ్రిమెంట్ తిప్పడం మనకి కొత్త కాదు. ఆ మాట ఇక్కడితో ఆపి మళ్లీ మయామికి వెళ్దాం.

ఈ పండక్కి ఒక పాత దొంగ కూడా వచ్చాడు. చార్ల్స్ పాంజీ. 1920లో బోస్టన్‌లో జనాన్ని ముంచి జైలుకెళ్లిన పాంజీ, "పాంజీ స్కీమ్" అన్న మాటకి కారణమైన మనిషి. 1925లో ఫ్లోరిడాలో చార్‌పాన్ ల్యాండ్ సిండికేట్ అని పెట్టి, 60 రోజుల్లో 200 శాతం లాభం అన్నాడు. జాక్సన్‌విల్ ఊరి "దగ్గర" ప్లాట్లు అన్నాడు. దగ్గర అంటే 65 మైళ్లు, అంటే సుమారు 105 కిలోమీటర్లు. ఎకరానికి 23 ప్లాట్లు కోశాడు. లెక్క వేయండి, ఎకరం 4,840 గజాలు, ఒక్కో ప్లాటు సుమారు 210 గజాలు. అదీ రోడ్డుకి ఒక్క గజం కూడా వదలకపోతేనే. అందులోనూ చాలా భాగం బురద. దొరికిపోయాడు, అది వేరే కథ.

మరి ఎలా పడింది? చాలామంది తుఫాను వల్ల అంటారు. తుఫాను నిజమే, 1926 సెప్టెంబర్ 18న వచ్చింది, 370 మందికి పైగా చనిపోయారు, మయామి బీచ్ మీదికి సముద్రం ఎక్కేసింది. కానీ అప్పటికే మార్కెట్ పడిపోయి నెలలు గడిచాయి. 1925 వేసవిలోనే రైళ్ల మీద సరుకు మోయలేక రైల్వే వాళ్లు ఆంక్షలు పెట్టారు, అక్టోబర్ నాటికి తిండి, అత్యవసరాలు తప్ప దాదాపు అన్నీ ఆపేశారు. సిమెంట్ లేదు, కలప లేదు. ఓడల మీద తెద్దామంటే 1926 జనవరి 10న ప్రిన్స్ వాల్డెమార్ అనే పెద్ద ఓడ సరిగ్గా మయామి రేవు దారిలో పక్కకి ఒరిగిపోయి నెలకి పైగా దారి మూసేసింది. ఇంతకీ ఆ ఓడని ఎందుకు తెచ్చారు? తేలే హోటల్‌గా మార్చడానికి. ఆ ఊళ్లో అంతా ఇంతే.

ఇల్లు కట్టడమే ఆగిపోయాక, "రేపు ఇక్కడ ఊరొస్తుంది" అన్న మాట అమ్ముడుపోదు కదా. కొత్తవాళ్లు రావడం తగ్గింది. బైండర్ బాయ్స్ వచ్చిన రైల్లోనే వెళ్లిపోయారు. మయామి బ్యాంకుల క్లియరింగ్, అంటే చెక్కుల మీద చేతులు మారిన డబ్బు, 1925లో 106 కోట్ల డాలర్లకి పైన ఉంటే 1928కి 14 కోట్ల పైచిలుకుకి దిగింది.

ఆలెన్ చెప్పిన ఒక మనిషి సంగతి నాకు మర్చిపోవడం కష్టం. 1925 మొదట్లో ఆయన తన భూమిని ఎకరం 12 డాలర్లకి అమ్మేశాడు. అదే భూమి 17కి వెళ్లింది, 30కి వెళ్లింది, చివరికి 60కి. తొందరపడ్డానే అని తనని తానే తిట్టుకున్నాడు. ఒకటి రెండేళ్లకి చూస్తే, తర్వాత కొన్నవాళ్లంతా వరసగా ఎగ్గొట్టారు. ఆయనకి రావాల్సిన బాకీ రాలేదు, భూమి తిరిగి ఆయన చేతికే వచ్చింది. ఇంకొందరికైతే తిరిగొచ్చిన భూమి మీద రోడ్లకీ డ్రైనేజీలకీ వేసిన పన్ను బాకీలు, వాళ్లు అమ్మినప్పుడు తీసుకున్న నగదు కంటే ఎక్కువ. ఆ గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా నగదుగా కమిషన్ తీసుకున్న ఏజెంట్ దగ్గర మాత్రం డబ్బు డబ్బుగానే ఉంది.

అయితే నేరం ఏజెంట్లదేనా? నా మాట: కాదు, పెద్ద వాటా వాళ్లది కాదు. 1926 జులైలో ఏమైందో చూడండి. మ్యాన్లీ-ఆంథోనీ అనే బ్యాంకుల గొలుసు ఒకటి జార్జియా, ఫ్లోరిడా రెండు రాష్ట్రాల్లో ఉండేది. అది తెగింది. పది రోజుల అటూ ఇటూలో ఆ రెండు రాష్ట్రాల్లో 100కి పైగా బ్యాంకులు మూతబడ్డాయి. అమెరికాలో అప్పటికి దేశవ్యాప్త డిపాజిట్ ఇన్సూరెన్స్ లేదు. ప్లాట్ జోలికే వెళ్లని పల్లెటూరి రైతు దాచుకున్న డబ్బు కూడా పోయింది. ఎందుకు మూతబడ్డాయి? బ్యాంకు డైరెక్టర్లే డెవలపర్ కంపెనీల్లో ఉన్నారు, తమ బ్యాంకు డబ్బు తమకే అప్పు ఇచ్చుకున్నారు. అడిషన్ మైజ్నర్ అనే ఆర్కిటెక్ట్ బోకా రటోన్ అనే కలల నగరం అమ్మాడు. ఆయన కంపెనీ బోర్డులో దేశంలోని పెద్దపెద్ద పేర్లు. వాళ్లలో కోల్‌మన్ డు పాంట్ అనే కోటీశ్వరుడు, ప్రకటనల్లో తన పేరు వాడుకుంటున్నారని గొడవపడి 1925 చివర్లో రాజీనామా చేశాడు. ఆ వార్తతోనే ఆ కంపెనీ అమ్మకాలు కుంగాయి. మైజ్నర్‌కి అప్పులిచ్చిన వెస్ట్ పామ్ బీచ్ వైపు బ్యాంకులు 1926 వేసవిలో తలుపులు మూశాయి.

వీధిలో రసీదు ఊపే కుర్రాడు కళ్లకి కనిపిస్తాడు. గదిలో కూర్చుని డిపాజిటర్ల డబ్బు తన కంపెనీకే మళ్లించినవాడు కనిపించడు. తిట్లు కనిపించినవాడికే తగిలాయి. అలాగని ఏజెంట్లని నేను వదిలిపెట్టట్లేదు. ఎంత అప్పు దొరికినా, 25,000 నోళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా "ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేవు" అని చెప్పకపోతే బురద ప్లాట్ అంత తొందరగా అమ్ముడుపోదు. "ఆగండి, ఈ రేటు ఎక్కువ" అని చెప్పినవాడికి కమిషన్ రాదు.

ఇక మొదటి ప్రశ్న, కూలి. ఏజెంట్‌కి కమిషన్ న్యాయమేనా?

మా మేనమామ కొడుకు ఒకడు ఈ పనే చేస్తాడు. ఆదివారం అంటే వాడికి నాలుగు సైట్ విజిట్లు. పెట్రోలు వాడిదే, టీ వాడిదే. ఇరవై మందిని తిప్పితే ఒకళ్లు కొంటారు, ఆ ఒక్కళ్లు కూడా ఓనర్ నంబర్ పట్టుకుని వాడిని పక్కన పెట్టేసిన సందర్భాలున్నాయి. కాబట్టి "ఊరికే డబ్బు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ఒక్క కమిషన్‌లో మిగతా 19 మందిని తిప్పిన కూలి కూడా ఉంది.

తిప్పితే తప్పు లేదు, లెక్కే తేడా. కమిషన్ ధరలో శాతం కదా, ఓనర్‌కి ఎక్కువ రేటు తెస్తే ఏజెంట్‌కీ ఎక్కువ వస్తుంది, ఇద్దరిదీ ఒకే దారి అనిపిస్తుంది. నిజంగా అంతేనా? స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు షికాగో చుట్టుపక్కల దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలు చూశారు. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకున్నప్పుడు, అలాంటి క్లయింట్ ఇంటికంటే సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగారు, 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు. ఇందులో మోసం అనేంత పెద్ద మాట అక్కర్లేదు. మీ ఇంటికి ఇంకో 10,000 డాలర్లు ఎక్కువ వస్తే అందులో ఆ ఏజెంట్ జేబుకి చేరేది 150 డాలర్లు అనుకోండి. దానికోసం ఇంకో వారం ఎవరు తిరుగుతారు? "వచ్చిన బేరం వదులుకోకండి సార్" అంటాడు.

మరి కమిషన్ డబ్బంతా ఏజెంట్లు మింగుతున్నారా అంటే అదీ కాదు. షే, మొరెట్టి అనే ఇంకో ఇద్దరు 2003లో ఒక పేపర్ రాశారు. ఇళ్ల ధరలు పెరిగిన నగరాల్లో కమిషన్ శాతం మారదు కాబట్టి డాలర్లలో కమిషన్ పెరుగుతుంది. అది చూసి కొత్తవాళ్లు బోలెడుమంది ఏజెంట్లు అయిపోతారు. దాంతో ఒక్కొక్కరికి దొరికే ఇళ్లు తగ్గుతాయి. చివరికి ఏజెంట్ జీతం దాదాపు అక్కడే ఉంటుంది. కొన్నవాడు ఎక్కువ కట్టాడు, ఏజెంట్‌కి ఎక్కువ మిగల్లేదు, మధ్యలో డబ్బు క్లయింట్లని వెతుక్కోవడానికే ఖర్చయింది. మయామిలో 25,000 మంది ఎందుకు పోగయ్యారో ఇప్పుడు అర్థమైందా? అమెరికా రియల్టర్ల సంఘం సభ్యత్వం కూడా ఇలాగే 2006లో 13 లక్షలు దాటి, 2012కి 10 లక్షల దగ్గరికి పడింది.

2008 సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, అది చాలామందికి తెలిసిందే. అక్కడా తిట్లు ఇళ్ల ఏజెంట్లకే తగిలాయి. కానీ ఎక్కువ కీడు చేసిన కమిషన్ ఇళ్లది కాదు, అప్పులది. తక్కువ వడ్డీకి అర్హత ఉన్నవాడికి ఎక్కువ వడ్డీ లోన్ అంటగడితే లోన్ బ్రోకర్‌కి ఎక్కువ ముట్టేది. 2011లో గానీ దాన్ని ఆపలేదు. ఇళ్ల విలువ కట్టే అప్రైజర్లు 11,000 మంది, మాతో బలవంతంగా ఎక్కువ విలువ రాయిస్తున్నారని అంతకుముందే పిటిషన్ మీద సంతకాలు పెట్టి వాషింగ్టన్‌కి పంపారు. వినలేదు. ఇటు రియల్టర్ల సంఘం ముఖ్య ఆర్థికవేత్తేమో 2005లో ఈ బూమ్ మిస్సవుతున్నారా అనే పుస్తకం రాశాడు. ఈయన్ని మాత్రం నేను వెనకేసుకురాను.

అయితే ఈ శాతం ఎవరు పెట్టారు? మార్కెట్ కాదు. వాషింగ్టన్ ఊరి రియల్ ఎస్టేట్ బోర్డు తన సభ్యులందరికీ ఒకే కమిషన్ రేటు రాసిపెడితే, అది పోటీకి విరుద్ధం అని 1950లోనే అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. రాతలో పోయింది, అలవాటులో ఉండిపోయింది. అమ్మేవాడే రెండు వైపుల ఏజెంట్లకీ కలిపి 5, 6 శాతం ఇచ్చుకునే పద్ధతి ఇంకో 70 ఏళ్లు నడిచింది. 2023 అక్టోబర్ 31న మిస్సోరి రాష్ట్రంలో ఒక జ్యూరీ, రియల్టర్ల సంఘం, పెద్ద బ్రోకరేజీలు కలిసి కమిషన్లు పైన నిలబెట్టాయని తేల్చి, సుమారు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం అంది. 2024 మార్చిలో సంఘం 41.8 కోట్ల డాలర్లకి రాజీ పడింది. ఆ ఆగస్టు 17 నుంచి, ఏజెంట్ మీకు ఇల్లు చూపించే ముందే అతనికి ఎంత ముడుతుందో రాసి సంతకం పెట్టాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు వెతుకుతున్న మీ అన్నయ్యో అక్కయ్యో ఉంటే అడగండి, ఆ కాగితం మీద సంతకం పెట్టే ఉంటారు. అందులో అంకె బేరమాడొచ్చు. ఆ సంగతి చాలామంది అడగరు, ఏజెంట్లూ తమంతట తాము చెప్పరు.

మన దగ్గర 2016 రెరా చట్టం కమిషన్ ఎంత ఉండాలో ఎక్కడా చెప్పదు. కానీ రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టుల్లో ప్లాటో ఫ్లాటో అమ్మిపెట్టే ఏజెంట్ కూడా రిజిస్టర్ కావాలంటుంది సెక్షన్ 9. రిజిస్టర్ కాని ప్రాజెక్ట్‌ని ఏజెంట్ అమ్మిపెట్టకూడదంటుంది సెక్షన్ 10. రూల్ తప్పితే రోజుకి 10,000 రూపాయల చొప్పున, ఆ ప్లాట్ ధరలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. సెక్షన్ 13 ఇంకా ఆసక్తికరం. అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అవునండి, సరిగ్గా మయామి బైండర్ అంకె, 10 శాతం.

ఈమధ్య కాలేజీ పిల్లల్ని కూడా "పార్ట్‌టైమ్ కమిషన్" అని వెంచర్లలోకి చేర్చుకుంటున్నారు, ముందు మీ పెదనాన్నకీ మేనత్తకీ అమ్మమంటున్నారు. మీరు ఆ పనిలో ఉంటే సెక్షన్ 10 మీకూ వర్తిస్తుంది, వెంచర్ ఓనర్‌కి మాత్రమే కాదు. ప్రాజెక్ట్ నంబర్ రెరా సైట్‌లో కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, ఫోన్‌లోనే.

వచ్చే ఎపిసోడ్‌లో పాంజీ బోస్టన్ కథ పూర్తిగా చెప్తాను, పోస్టల్ కూపన్లతో ఎలా మొదలుపెట్టాడో. అంతవరకు ఉంటానండి.